పాటలో చిక్కిన పేరు

రెండువేల మూడు ఎండాకాలంలో నేనొక పాటను చంపాను. కర్ర పట్టలేదు, కత్తి పట్టలేదు, వట్టి నోటితోనే చంపాను. ఉగాది తరవాత ఏ ఊరికి పోయినా మోగిన పాట, రోహిణి కార్తె వచ్చేసరికి పాల్వంచ నుంచి భద్రాచలం దాకా ఏ పెళ్ళిపందిట్లోనూ వినపడలేదు. ఆ రోజుల్లో మా అడవి దిక్కున ఏ పాట బతకాలన్నా ఏ పాట చావాలన్నా ఈ జంపయ్య తల ఊపాల్సిందే. మైకుసెట్ల వాళ్ళు నన్నడగందే క్యాసెట్టు కొనేవాళ్ళు కాదు.

నేను చదివింది ఊరి బళ్ళో అయిదో తరగతి. చెవులు మాత్రం పెద్ద చదువులు చదివాయి. రేడియోలో, బస్సుల్లో, జాతరల్లో, ఎవరింట్లోనో మోగే టీవీలో ఏడాది పొడుగునా పాటలు వినేవాణ్ణి. ఉగాది రాగానే, వెళ్ళిపోయిన ఏడాదిలో నాకు నచ్చిన పది పాటలు పాత క్యాలెండరు వెనక వరసగా రాసి, ములకలపల్లిలో బసవపున్నయ్య టీ హోటలు గోడకు మెతుకులతో అంటించేవాణ్ణి. పొయ్యి పొగకు అది నల్లబడేదాకా, అంటే దాదాపు తొలకరి దాకా, అదే మా దిక్కు శాసనం.

చిత్రభాను పోయి స్వభాను వచ్చిన ఆ ఉగాదికి జాబితా కట్టడం కష్టమైంది. పాటలు బాగా పండిన ఏడాది. ఒక సినిమా పాట ఉండేది. ఆడపిల్ల ఏ భాషలో పాడుతుందో దేవుడికి కూడా తెలియదు గాని, రెండో చరణం తరవాత వేణువు ఒకటి వస్తుంది. వాయించేవాడు ఊపిరి తీసుకోక చచ్చిపోతాడేమోనని బస్సులో నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. దానికి నాలుగో స్థానం. మణుగూరు బొగ్గుబాయిలో పనిచేసే మా ఊరి జకర్యా ఇంట్లో క్రిస్మస్‌కు విన్న పాటకు మూడు. అతని భార్య ఆరోగ్యమ్మ గొంతు పైకి పోలేక ఆగిన చోట పిల్లలంతా కలిసి అందుకుంటారు, ఆ అందుకోవడానికిచ్చాను. టీవీలో వచ్చే పళ్ళపొడి పాటకు ఏడో స్థానం ఇస్తే బసవపున్నయ్య తగువు పెట్టుకున్నాడు. ఆయనది మధిర వైపు, మాట కొంచెం కృష్ణా జిల్లా గాలి.

"పళ్ళపొడికి ఏడో నంబరేంటి జంపయ్యా? అసలు నీకు పళ్ళెక్కడున్నాయి?"

"పళ్ళు లేనోడి నోట్ల గూడ తిరుగుతాందంటే అది పాట గాదా?"

ఒకటో స్థానం ఇంకా ఖాళీగా ఉంది. కలం చెవి మీద పెట్టుకుని ఆలోచిస్తున్నాను. బసవపున్నయ్య ఖమ్మం నుంచి వచ్చిన కొత్త క్యాసెట్టు ఒకటి టేపులో పెట్టాడు. డప్పు, దాని వెనక కీబోర్డు, ఆ పైన ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు:

*కూర చాలదన్నడే, కోడి చాలదన్నడే*
*జంపయ్య మావయ్య*
*బానెడు జావ తాగి బాయికాడ పన్నడే*
*జంపయ్య మావయ్య*

హోటల్లో ఉన్న నలుగురూ టీ గ్లాసులు దించి నా వంక చూశారు.

ఆ పాట ఎక్కడిదో చెబుతాను. మా దిక్కు పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారు భోజనానికి కూర్చోగానే ఆడపెళ్ళి వైపు ఆడవాళ్ళు వాళ్ళను ఎకసెక్కం చేస్తూ పాడతారు. ఎవరి పేరు దొరికితే ఆ పేరు పాటలో పెడతారు. పేరు వచ్చినవాడు కోపం తెచ్చుకోకూడదు. లేచి, పాడే ఆడవాళ్ళకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాలి. పెట్టగానే పాట వాణ్ణి వదిలిపెట్టి ఇంకొకణ్ణి పట్టుకుంటుంది. పెట్టకపోతే విస్తరి ముందు నుంచి లేచేదాకా వాడి పేరే. చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ళలో ఆ పాట ఎత్తేది మా ఆవిడ నాగక్క. రెండు రోజుల ముందే ఆకూ వక్కా ఇచ్చి ఆమెను పిలుచుకుపోయేవాళ్ళు. ఆమె చప్పట్లు చరచందే మగపెళ్ళివారి విస్తట్లో అన్నం పడేది కాదు.

అంతకు ముందు ఎండాకాలం రాంబాబు అనే పాటగాడు ఖమ్మం నుంచి టేపు రికార్డరు భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. చాయ తాగాడు, "అమ్మా, నీ గొంతు బంగారం" అన్నాడు. పాడమన్నాడు. పాటకు ఎవరో ఒకరి పేరు కావాలి. ఇంటికొచ్చి చాయ తాగుతున్నవాణ్ణి తిట్టకూడదు. వాకిట్లో ఇంకొక మగవాణ్ణి నేనొక్కణ్ణే. నాగక్క నా పేరు పెట్టి ఎనిమిది చరణాలు పాడింది. నేను నవ్వుతూ కూర్చున్నాను గాని దండం పెట్టలేదు. ఏ మొగుడు పెడతాడు? అందుకని ఎనిమిది చరణాల్లోనూ నేనే ఉండిపోయాను. అదంతా రాంబాబు టేపులోకి పోయింది. టేపులోంచి క్యాసెట్లోకి, క్యాసెట్లోంచి జిల్లా మీదికి.

నిజం చెబుతున్నాను, ఆ మొదటి రోజు నాకు కోపం రాలేదు. ఛాతీ ఉబ్బింది. ఒకటో స్థానంలో పెద్ద అక్షరాలతో "జంపయ్య మావయ్య" అని రాసి, బసవపున్నయ్య టేపునూ క్యాసెట్టునూ అడిగి తీసుకుని ఇంటికి పరుగెత్తాను.

నాగక్క బీడీలు చుట్టే తునికాకును కట్టలు కట్టుకోవడానికి నార చీలుస్తోంది. పాట మొత్తం విన్నది. క్యాసెట్టు పెట్టె చేతిలోకి తీసుకుని అట్ట మీద ఫొటోను చూసింది. జరీ పంచె కట్టి, భుజాన గొంగడి వేసుకుని రాంబాబు నవ్వుతున్నాడు. ఆమెకు చదువు రాదు.

"నా పేరు ఏడుంది?"

నేను అద్దాలు పెట్టుకుని ముందూ వెనకా చూశాను. లోపల మడత విప్పి చూశాను. "రచన, సంగీతం, గానం: రాంబాబు" అని ఉంది. అతనితో కలిసి పాడిన ఖమ్మం పిల్ల పేరు ఉంది. క్యాసెట్టు మీద ధర కూడా ఉంది.

"చిన్నగ రాసుంటరే," అన్నాను.

"ఎంత చిన్నగ?"

నేను అద్దాలు తీసి తుడుచుకున్నాను. ఆమె పెట్టెను మూసి నా ఒళ్ళో పడేసింది.

"నా మొగుణ్ణి నేను తిట్టుకున్న. వాడెవడయ్యా తిట్టేటోడు?"

అప్పుడు వచ్చింది నాకు కోపం. ఆమె నోటి నుంచి అంటుకుంది. అంతటితో పోయినా బాగుండేది. వైశాఖంలో ముహూర్తాలు మొదలయ్యాక, మొదటి పెళ్ళిలోనే మగపెళ్ళివారు కూర్చోగానే నాగక్క కొంగు దోపుకుని ముందుకు వచ్చింది. పెళ్ళికూతురి తల్లి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "నువ్వెందుకక్కా ఈ ఎండకు అరిచేది, క్యాసెట్ల వస్తది గదా," అన్నది. మైకుసెట్టు ధన్‌సింగ్ మీట నొక్కాడు. గొట్టంలోంచి రాంబాబు నా పేరు పెట్టి తిట్టాడు. ఆ పందిట్లో నేను మగపెళ్ళివాణ్ణి కూడా కాను. ఆ తరవాతి పెళ్ళికి ఆకూ వక్కా రాలేదు. ఇంకో పెళ్ళికీ రాలేదు.

ఇక లాభం లేదని ఖమ్మం బస్సెక్కాను.

బస్టాండు వెనక సందులో మెట్ల మీద ఒక గది. రాంబాబు నన్ను గుర్తుపట్టలేదు. ఊరి పేరు చెబితే కుర్చీ వేశాడు.

"మా ఆడామె పాటను ఎత్తుకొచ్చినవ్ గదా బిడ్డా," అన్నాను.

"అట్లంటరేంది పెద్దాయనా? జానపదం ఎవరి సొత్తూ కాదు. అది ప్రజలది."

"అవ్, ప్రజలదే. మరి అట్ట మీద ప్రజల ఫొటో లేదేంది? నీదొక్కడిదే ఉన్నది."

"అది కంపెనీ వాళ్ళు వేసిండ్రు."

"రచన రాంబాబు అని గూడ వాళ్ళే రాసిండ్రా? నీకు తెల్వకుంట?"

అతను నవ్వాడు. మంచి నవ్వే. "ఇంకో ఆరు పాటలుంటే అమ్మను తీసుకరా. ఈసారి చూద్దాం. అయినా అందరూ అడుగుతున్నరు నన్ను, ఈ జంపయ్య ఎవరన్నా అని. పాత కాలం దొరేమో అని చెప్తున్న. ఎవరాయన?"

ఆ పేరు పాటకు పుట్టుకతో వచ్చిందనుకుంటున్నాడు. పందిరి పందిరికీ మారాలని తెలియదు! పొట్టు మూటగట్టుకుపోయాడు, గింజ మా ఇంట్లోనే ఉంది. ఆ ముక్క అప్పుడే ఇంటికి వచ్చి నాగక్కకు చెప్పి ఉంటే కథ మరోలా ఉండేది. చెప్పలేదు. నేను మగవాణ్ణి, నా పగ నేనే తీర్చుకుంటాననుకున్నాను. "ఆ జంపయ్య శాన ప్రమాదం మనిషి బిడ్డా," అని మాత్రం అని మెట్లు దిగాను.

తిరుగు బస్సు తల్లాడ దాటేలోపు నాకు తేనెటీగలు తట్టాయి.

హోటలుకు రాగానే గోడ మీది ఒకటో స్థానాన్ని కలంతో అడ్డంగా కొట్టేశాను. బసవపున్నయ్య అదిరిపడ్డాడు.

"అదేంటయ్యా, నీ పాటేగా?"

"నీకు తెల్వదా? మణుగూరు అవతల పెండ్లిల ఏమయిందో?"

మా దిక్కున ఎవరికైనా "నీకు తెల్వదా" అంటే చాలు, వాడు పొయ్యి మీద పాలు పొంగినా కదలడు. నేను చెప్పాను. మగపెళ్ళివారు కూర్చున్నారు. ఆ పాట పెట్టారు. రెండో చరణంలో గుట్ట మీది కొండతేనె ఈగలు లేచి వచ్చాయి, ఒక్కటి కాదు, నాలుగు పట్లు. ఆడపెళ్ళివారిలో ఒక్కర్నీ ముట్టలేదు. పెళ్ళికొడుకు పరుగెత్తి నీళ్ళ డ్రమ్ములో దూకి మూత వేసుకున్నాడు. ముహూర్తం దాటిపోతోంది. చివరికి అయ్యగారు మంత్రం చదువుతుంటే, డ్రమ్ములోంచి రెండు చేతులు బయటపెట్టి తాళి కట్టాడు. మూడు ముళ్ళలో ఒకటి ఈగకు పడింది.

"మంగళసూత్రంలో ఈగా?" అన్నాడు బసవపున్నయ్య.

"బంగారం ఈగ అనుకొని ఆ పిల్ల ఇప్పటికీ తియ్యలే."

ఆ సాయంత్రానికే కథ రెండు ఊళ్ళు దాటింది. వారం తిరిగేసరికి గాలిదుమారం వచ్చి ఒక పెళ్ళిలో తాటాకు పందిరి ఎగిరిపోయింది. వైశాఖంలో ఏటా వచ్చే గాలే. కాని ఆ వేళకు ధన్‌సింగ్ టేపులో మోగుతున్నది ఆ పాట. ధన్‌సింగ్ మైకు గొట్టం చంకన పెట్టుకుని హోటలుకు వచ్చాడు. క్యాసెట్టులోంచి రీలు మొత్తం బయటికి లాగి, నడి రోడ్డు మీద పేర్చి అగ్గిపుల్ల గీశాడు. నేను గోడకు ఆనుకుని టీ తాగుతూ చూశాను. జీవితంలో అంత తియ్యటి టీ తాగలేదు. రాంబాబు ఫొటో ఉన్న అట్ట చివర్న అంటుకుంది. గొంగడి ముందు కాలి, నవ్వు తరవాత కాలింది.

ఆ తరవాత పెళ్ళి మాట్లాడుకునేవాళ్ళు మైకుసెట్టు వాళ్ళకు ముందే షరతు పెట్టడం మొదలైంది: "ఆ పాట వద్దు." ఖమ్మం నుంచి రాంబాబు పార్టీని మాట్లాడుకున్న ఇద్దరు ముగ్గురు వద్దనుకున్నారు. పాట చచ్చింది.

ఇప్పుడు మొదట కొట్టిన గొప్పను కొంచెం దించుకుంటాను. నా జాబితాను చదివేవాళ్ళు మొత్తం నలుగురు. అందులో ఇద్దరికి చదువు రాదు, ఒకడు గోడకు వీపు పెట్టి కూర్చునేవాడు. నాలుగోవాడు బసవపున్నయ్య, వాడు గోడ పెచ్చు ఊడిన చోటు కనపడకుండా ఉంటుందని దాన్ని ఉంచాడు. మైకుసెట్ల వాళ్ళు నన్ను ఏనాడూ అడిగింది లేదు. ఆ పాటను చంపినవి తేనెటీగలు, గాలిదుమారం. ఇక నేను చంపింది ఏ పాటనో కూడా చెబుతాను.

మా చెల్లెలు ప్రమీల కూతురు హైమ పెళ్ళి. సొంత మనుషులు, నాగక్కను పిలవకుండా ఎలా ఉంటారు? ఆమె పసుపు చీర కట్టుకుని, ఆ ఏడాది కడుపులో పేరుకున్న పాటంతా పట్టుకుని వచ్చింది. మగపెళ్ళివారు వరసగా కూర్చున్నారు. నాగక్క చప్పట్లు చరిచి, "కూర చాలదన్నడే" అని ఎత్తింది.

ఏ ఆడదీ అందుకోలేదు.

రెండోసారి ఎత్తింది. ప్రమీల కూర గిన్నె కింద పెట్టేసి పరుగెత్తుకొచ్చింది.

"వదినా, నీ కాళ్ళు మొక్కుత. ఆ పాట వద్దు. పొల్ల పెండ్లి."

"సరే, ఇంకోటి పాడుత."

ప్రమీల నేల చూసింది. వెనక నుంచి ఎవరో ముసలామె అన్నది: "ఏది పాడినా అదే నోరు గదనే. ఆ పాట పుట్టింది ఆమె నోట్లనే."

నాగక్క కింద పెట్టిన కూర గిన్నె తీసుకుని వరస చివరిదాకా వడ్డించింది. ఎవరికీ తక్కువ కాకుండా వడ్డించింది. తను నాలుగు మెతుకులు తిని, హైమ తల మీద అక్షింతలు వేసి, నడక మొదలుపెట్టింది. నేను వెనక. ఆ ఎండకు దారి తెల్లగా కాలుతోంది. వడగాడ్పుకు పిట్టలు రాలిపోయిన ఏడాది అది.

వాగు దగ్గరికి వచ్చాక, వెనక్కి తిరగకుండా అడిగింది.

"తేనెటీగలు ఎన్నొచ్చినయ్?"

"ఏడ?"

"మణుగూరు అవతల పెండ్లిల."

"శానా వచ్చినయంట."

"డ్రమ్ముల నుంచి చేతులు బయటపెట్టి తాళి కట్టిండా?"

నేను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను. ఆమెకు తెలుసు. నలభై ఏళ్ళుగా నా అబద్ధాలకు వండి పెట్టిన మనిషి, రుచి తెలియదా?

"వాడి మీద పగతోనే..." అన్నాను.

"వాడు పాట పట్టుకపోయిండు," అన్నది. "నువ్వు నోరు పట్టుకపోయినవ్."

అంతే. తరవాత పంతొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. తునికాకుకు ఒక్కతే పోయేది, ఒక్కతే వచ్చేది. అన్నం పెట్టేది గాని కంచం నేలకు తగిలిన చప్పుడే నాకు పిలుపు. ఆకు తెంపేటప్పుడు ఆడవాళ్ళంతా కలిసి పాడుకుంటారు కదా, ఆమె ఉన్న వైపు పాట ఉండేది కాదు. ఒకరోజు పొద్దున్నే వాకిట్లో ఆమె ముందు నిలబడి రెండు చేతులూ జోడించాను. చీపురు ఆపకుండా అన్నది, గోడతో అన్నట్టు: "పాట నడవనప్పుడు పెట్టిన దండం ఎందుకు పనికొస్తది?"

సరే, నిజం చెప్పి వద్దామని బయలుదేరాను. బసవపున్నయ్య హోటల్లో బల్ల ఎక్కి నిలబడి చెప్పాను. "తేనెటీగలు లేవు, డ్రమ్ము లేదు, అంతా నేను పుట్టించిన!"

టీ గ్లాసులు ఒక్కటీ కిందికి దిగలేదు.

"జంపయ్యా," అన్నాడు బసవపున్నయ్య, "ఇరవై ఏళ్ళుగా నువ్వు నిజమని చెప్పిందేదీ మేం నమ్మలేదు. ఇప్పుడు అబద్ధమంటే ఎలా నమ్ముతాం?"

ధన్‌సింగ్ లేచి చొక్కా పైకెత్తాడు. "లేవంటవేంది పెద్దనాయనా? నేను ఆ పెండ్లిలనే ఉంటి. చూడు, ఈడ కుట్టినయ్."

వీపు మీద నిజంగానే మచ్చ ఉంది. నేను వేలు పెట్టి చూశాను. ఆ డ్రమ్ము ఏ రంగులో ఉందో కూడా వాడే నాకు చెప్పాడు. నీలం రంగట.

ఇక అంతా అయిపోయింది అనుకున్న రోజుల్లో జకర్యా శుభలేఖలు పట్టుకుని మణుగూరు నుంచి వచ్చాడు. అతని కూతురు ఏంజెల్‌కు పెళ్ళి, పిల్లవాడు డేవిడ్ కొత్తగూడెంలో ఎలక్ట్రీషియన్. జకర్యా నన్ను దాటి సూటిగా నాగక్క దగ్గరికి పోయాడు.

"వదినా, నువ్వొచ్చి పాడాలె."

"నా పాటకు ఈగలు వస్తయంట, తెల్వదా?"

"మా దాంట్ల శకునాలు లేవు వదినా. ఈగలొస్తే ప్రార్థన జేస్తం, అప్పటికీ పోకపోతే పొగ పెడ్తం. నా పెండ్లిల నువ్వు పాడినవ్. నా బిడ్డ పెండ్లిల పాడవా?"

"పాస్టరుగారు ఏమంటరో."

"ఆయన పేరు గూడ పెట్టు. పదేండ్లాయె, ఒక్కరన్న పెడ్తరేమోనని చూస్తాండు." తరవాత గొంతు తగ్గించాడు. "ఒక్క సంగతి. పోరగాండ్లు ఖమ్మం నుంచి పాటల పార్టీని మాట్లాడిండ్రు. ఆ రాంబాబేనంట. నాకు తెల్వకుంట జరిగింది. వద్దంటే ఆపిస్త."

నాగక్క శుభలేఖను తీసుకుని బియ్యం డబ్బా మీద పెట్టింది.

"ఆపకు," అన్నది. "రానీ."

మణుగూరు బస్సులో ఆమె కిటికీ పక్కన, నేను ఇవతల. ఇప్పుడన్నా చెప్పకపోతే మనిషిని కాను అనిపించింది.

"నాగక్కా, వాడికి పేరు మారుతదని తెల్వదే. జంపయ్య అనేటోడు పాత కాలం దొర అనుకుంటాండు."

పంతొమ్మిది రోజుల తరవాత ఆమె నా మొహంలోకి చూసింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఖమ్మం పోయినప్పుడు."

"గిప్పుడా చెప్పేది, దరిద్రుడా!" అన్నది. ఆ తిట్టు నా చెవిలో తేనె పోసినట్టు పడింది. ఆ ఏడాది పాటల్లో దాన్ని మించింది లేదు.

పెళ్ళి బొగ్గుబాయి కాలనీ మైదానంలో. షామియానా, వరస కుర్చీలు, ఒక మూల ఎత్తుగా వేదిక. వేదిక మీద రాంబాబు, అదే గొంగడి, ముందు కీబోర్డు, పక్కన ఆ ఖమ్మం పిల్ల. పాస్టరుగారు ప్రార్థన ముగించాక డేవిడ్ తరఫువాళ్ళు భోజనాల బల్లల ముందు కూర్చున్నారు. పోరగాళ్ళు "జంపయ్య మావయ్య! జంపయ్య మావయ్య!" అని కేకలు. రాంబాబు అటూ ఇటూ చూశాడు. మా ఊళ్ళన్నీ వద్దన్న పాట కదా, ఇక్కడ అడుగుతున్నారు. మొహం వెలిగిపోయింది. ఎత్తుకున్నాడు.

నాగక్క లేచింది. కొంగు దోపుకుని బల్లల మధ్య నుంచి నడిచి వేదిక కింద నిలబడింది. చెయ్యి ఎత్తింది.

"ఆపు బిడ్డా."

ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు. కీబోర్డు ఆగింది.

"ఆ పేరున్నోడు నా మొగుడు. అగో, ఆ స్తంభం కాడ నక్కిండు." అందరూ నన్ను చూశారు. నేను అందరికీ చెయ్యి ఊపాను. "మగపెండ్లోళ్ళు వీళ్ళు కూసున్నరు. నా మొగుణ్ణి తిడితే వీళ్ళకేం కారం? వీళ్ళ పేర్లు పెట్టి పాడు."

"అది పాటలో ఉన్న పేరమ్మా," అన్నాడు రాంబాబు మైకులోనే.

"పాట నీదేనంటివి గదా. పేరు మార్చి పాడు. అగో, ఆ నల్లద్దాలు పెట్టుకున్న పిలగాడి పేరు లాలు. లాలును పెట్టు."

పందిరంతా వేదిక వంక తిరిగింది. రాంబాబు "కూర చాలదన్నడే, లాలు..." అన్నాడు. తరవాతి మాట రాలేదు. లాలు ఏం తిన్నాడో, ఎలా కూర్చున్నాడో చూసి అప్పటికప్పుడు కట్టాలి. అది క్యాసెట్లో లేదు. కీబోర్డు మీద రెండు మెట్లు నొక్కాడు. ఆ పిల్ల అతని వంక చూసింది. నొక్కిన మెట్లే మళ్ళీ నొక్కాడు.

నాగక్క చప్పట్లు అందుకుంది.

*అద్దాలు పెట్టుకుని అన్నమేదన్నడే*
*లాలు మావయ్య*
*విస్తట్ల వేలుపెట్టి ఎముక ఏదన్నడే*
*లాలు మావయ్య*

మొదట అందుకున్నది ఆరోగ్యమ్మ. ఆ వెనక కాలనీ ఆడవాళ్ళంతా. లాలు అద్దాలు తీసేసి లేచి దండం పెట్టాడు. పాట డేవిడ్ మేనమామ మీదికి పోయింది, ఆయన లేచాడు. పాస్టరుగారి మీదికి పోయింది, ప్రార్థన పొడుగు చేసి పప్పు చల్లార్చాడని. ఆయన పదేళ్ళ ముచ్చట తీరి, ఒకసారి చాలక రెండుసార్లు దండం పెట్టాడు. అప్పుడు నాగక్క వేదిక వైపు తిరిగింది.

*టేపు పట్టుకొచ్చిండే, చాయ తాగిపోయిండే*
*రాంబాబు మావయ్య*
*అట్ట మీద పేరడిగితే అడ్డం తిరిగిపోయిండే*
*రాంబాబు మావయ్య*

మూడు వందల గొంతులు "రాంబాబు మావయ్య" అన్నాయి. వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. నాగక్క ఆగలేదు. ఒక చరణం అయితే ఇంకో చరణం. మా చాయలో వేసిన బెల్లం దగ్గర నుంచి అతని భుజం మీది గొంగడి దాకా దేన్నీ వదల్లేదు. రాంబాబు అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి కీబోర్డు పక్కకు నెట్టి, వేదిక దిగి, ఆమె ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, పాట నీది. తప్పయింది," అన్నాడు. ఈలలు పడ్డాయి. నాగక్క అతన్ని వదిలి ఇంకో పేరు పట్టుకుంది.

ఆ ఏడు మిగిలిన ముహూర్తాలకే ఆకూ వక్కా మళ్ళీ రావడం మొదలైంది. మణుగూరులో ఈగ ఒక్కటీ రాలేదని జకర్యా బంధువులు చెప్పారు. నేను చెబితే నమ్మని ఊళ్ళు వాళ్ళు చెబితే నమ్మాయి.

ఇదంతా రాసి నాగక్కకు చదివి వినిపించాను. పప్పు ఏరుకుంటూ విన్నది. తేనెటీగల దగ్గర నవ్వింది. తన మాటలు కొన్ని ఇంకా ఘాటుగా పెట్టాల్సిందన్నది. చివరికి వచ్చేసరికి చాట పక్కన పెట్టింది.

"రాంబాబు దండం పెట్టిండా?"

"కథ కదనే. చివర్ల అట్ల ఉంటే బాగుంటదని..."

"పెట్టిండా?"

పెట్టలేదు. నేను కల్పించింది అదే. మిగతావాటికి పూచీ నాది, తేనెటీగలకు ధన్‌సింగ్‌ది. ఆ రోజు రాంబాబు కీబోర్డు ప్లగ్గు పీకి, వైర్లు చుట్టకుండానే సంచిలో కుక్కి, అన్నం తినకుండా టెంపో ఎక్కాడు. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ మైదానం చివరిదాకా వెంటపడ్డారు. టెంపో బయలుదేరినా పాట ఆపలేదు.

"ఆ ముక్క కొట్టెయ్," అన్నది నాగక్క. "వాడు పెట్టని దండం నువ్వు పెట్టిస్తే, వాణ్ణి నేను వదలాలె. నేను వదల్లే."

నిజమే. మొన్న మాఘమాసంలో జరిగిన పెళ్ళిలో కూడా, మగపెళ్ళివారందరూ దండాలు పెట్టేశాక, ఆమె ఇంకో చరణం ఎత్తింది. రాంబాబు ఎవరో ఆ పందిట్లో ఎవరికీ తెలియదు. అయినా అందరూ అందుకున్నారు.